శాస్త్రము చదువుకొను కుమార్తె – ఆమె వేసవి



మామిడికాయ ముదిరి టెంక పట్టు దినములు వచ్చినవి. ఆవాలు ఎండబెట్టుట, పప్పునూనె తెప్పించుకొనుట, జాడీలు కడిగి ఆఱబెట్టుట, పెండ్లిపిలుపుల కేగుట, పొరుగూళ్లలో చదువుకొను పిల్లల రాకకై ఎదురుచూచుట – మన యిండ్లలో వేసవి యనగా ఇదియే. సరిగా ఈ సమయముననే గోదావరి ప్రాంతమునుండి ఒక సోదరి వ్రాసిన జాబు మాకు చేరినది.

ఆమె కుమార్తె విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో రసాయనశాస్త్రమున ఎమ్.ఎస్సీ. మొదటి సంవత్సరము చదువుచున్నది. ఈ వేసవిలో బెంగుళూరులోని యొక పరిశోధనాలయమున రెండు మాసములు పనిచేయుటకు ఆ పిల్ల ఎంపికయైనది. మే నెల మొదట బయలుదేరి జూలై మొదట తిరిగి రావలయునట. ఇంటిలో నాయనమ్మగారు "సెలవులిచ్చేది ఇంటికి రావడానికి కాక మరెందుకే?" అని అడుగుచున్నారు. పైగా అమెరికాలో ఉద్యోగము చేయుచున్న యొక వరుని తల్లిదండ్రులు ఆ మాసముననే పిల్లను చూడవచ్చెదమని కబురంపిరి. "ఇది పరీక్ష గాదు, దీనికి మార్కులు లేవు, ఇచ్చు డబ్బా, ఖర్చులకు సరిపోవునంత మాత్రము. అక్కడ మా అమ్మాయి చేయు పని యేమిటో నాకే తెలియదు. తెలియని దానిని మా అత్తగారికి నేనెట్లు చెప్పుదును? వెళ్లకున్న దానికి నిజముగా నష్టమున్నదా?" అని ఆ సోదరి యడిగినది.

ఈ జాబులో మా మనసును పట్టుకొన్నది నష్టమును గుఱించిన ప్రశ్న కంటె "తెలియని దానిని నేనెట్లు చెప్పుదును?" అను మాటయే. ఆడపిల్లను విశ్వవిద్యాలయమునకు పంపుట నేడు మన యిండ్లలో వింత గాదు. ఫీజు కట్టుదుము, నెలనెల డబ్బు పంపుదుము, ప్రతిరాత్రియు ఫోను చేసి "అన్నము తింటివా?" అని యడుగుదుము. "ఈ దినమేమి చేసితివి?" అని యడుగు తల్లులు మాత్రము అరుదు. చెప్పినను మనకర్థము గాదేమోయను సంకోచము మనది. చెప్పినను అమ్మ వినదేమోయను అనుమానము పిల్లది. ఇట్లు రెండేండ్లు గడచిపోవును. కావున ఈ మాసము ఆ పిల్ల దినచర్యను, ఆమె సంవత్సరమును, ఆ రెండు మాసముల పనిని వరుసగా చెప్పి, పిదప సోదరి ప్రశ్నకు వత్తుము.

చరిత్రయో సాహిత్యమో చదువు విద్యార్థిని పుస్తకమును ఇంటికి దెచ్చుకొని, వీథియరుగుమీద కూర్చుండియైనను చదువుకొనగలదు. శాస్త్రము చదువు పిల్లకు సగము చదువు పుస్తకములో నుండును. తక్కిన సగము ప్రయోగశాలలోని బల్లమీద నుండును. ఆ బల్లను ఇంటికి దెచ్చుకొనుటకు వీలులేదు. ఈ యొక్క భేదమును గ్రహించినచో తక్కినదంతయు సులభముగా తెలియును.

ఉదయము ఆఱు గంటలకే హాస్టలులో స్నానపుగదుల ముందు బకెట్లు వరుసదీరును. ఇడ్డెనలో ఉప్మాయో తిని పిల్లలు తరగతులకు బయలుదేరుదురు. మధ్యాహ్నము వఱకు మూడు నాలుగు ఉపన్యాసములు. భోజనమైన పిదప తెల్లకోటు తొడిగికొని ప్రయోగశాలలో ప్రవేశించిన పిల్ల సాయంకాలము వఱకు అక్కడనే యుండును. ఈ మూడు నాలుగు గంటలలో ఎక్కువ భాగము నిలువుకాళ్లమీదనే గడచును. "కాళ్లు లాగుచున్నవమ్మా" అని రాత్రి ఫోనులో పిల్ల యనిన, కూర్చుండి చదువుకొనుదానికి కాళ్లనొప్పులేల యని మనము అనుకొందుము. కారణమిది.

అక్కడ ఆమె యేమి చేయును? మన యింటి యనుభవముతోనే చెప్పవచ్చును. పసుపు మరక పడిన తెల్లచీరకు సబ్బు రాచినంతనే మరక యెఱ్ఱబాఱుట మీరందఱు చూచినదే. పసుపులో సున్నము కలిపిన పారాణి యగుటయు, దానిపై నిమ్మరసము పిండిన తిరిగి పసుపువన్నెకు వచ్చుటయు మీరెఱిగినదే. సబ్బు, సున్నము క్షారములు, నిమ్మరసము ఆమ్లము. ఆమ్లమేదో క్షారమేదో పసుపు తన రంగుచేత మనకు తెలుపుచున్నది. శాస్త్రజ్ఞులు ఇట్టి పదార్థమును సూచిక యందురు. ప్రయోగశాలలో ఫినాల్ఫ్తలీను అను సూచికను వాడుదురు. అది ఆమ్లములో రంగులేక యుండి క్షారములో గులాబివన్నె దాల్చును. బ్యూరెట్టు అను గీతలుగల సన్నని గాజుగొట్టమునుండి క్షారమును చుక్క చుక్కగా క్రిందనున్న ఆమ్లములోనికి వదలుచు, ఏ యొక్క చుక్కతో గులాబిరంగు లేతగా వచ్చి నిలుచునో ఆ చుక్కదగ్గఱ ఆపవలయును. ఒక్క చుక్క ఎక్కువైనను పని చెడును, మొదటినుండి చేయవలయును. ఒకసారి వచ్చిన లెక్క చాలదు. మఱల మఱల చేసి, లెక్కలు ఒకదానితో నొకటి సరిపోవు వఱకు విడువరాదు.

మఱియొక దినము తలనొప్పికి, జ్వరమునకు వాడు ఆస్పిరిను మందును విద్యార్థులే తయారు చేయుదురు. తయారైనది మొదట శుద్ధముగా నుండదు. దానిని వేడి ద్రావకములో కరగించి, మెల్లగా చల్లాఱనిత్తురు. కలకండ పేరుకొన్నట్లు తెల్లని స్ఫటికములు ఏర్పడును. మలినము ద్రావకములో నిలిచిపోవును. ఆ స్ఫటికములు శుద్ధమైనవో కావో తెలియుటకు వానిని సన్నని గాజునాళములో వేసి వేడిచేయుదురు. శుద్ధమైన ఆస్పిరిను సుమారు 135 డిగ్రీల సెంటిగ్రేడు వేడివద్ద కరగును. మలినమున్నచో అంతకు ముందే కరగనారంభించును. పదార్థము తన నిజమును తానే చెప్పును.

సాయంకాలము గదికి వచ్చిన తరువాత రికార్డు వ్రాయుట కలదు. దీనిని గుఱించి ప్రత్యేకముగా చెప్పవలయును. ప్రయోగము జరుగుచుండగనే ప్రతి లెక్కను అప్పటికప్పుడు పుస్తకములో వ్రాసికొనుట నియమము. తప్పుపడిన అంకెను చెరిపివేయరాదు. దానిపై ఒక్క గీత గీసి, క్రింద సరియైన అంకెను వ్రాయవలయును. కొట్టివేసినదియు చదువుటకు కనబడుచుండవలయును. వచ్చిన లెక్కనే వ్రాయవలయును గాని, రావలసిన లెక్కను వ్రాయరాదు. ఇరువదేండ్ల పిల్లకు ఇంతకంటె మంచి శిక్షణ మఱేది? సత్యము పలుకుమని మనము నోటితో చెప్పుదుము; ఆ పుస్తకము ఆమెచేత దినదినమును సత్యము వ్రాయించును.

ఇక ఆమె సంవత్సరము. మన యింటి గోడమీద తెలుగు కాలెండరు వ్రేలాడుచున్నట్లే ఆ పిల్ల మనసులో మఱియొక కాలెండరు వ్రేలాడుచుండును. రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూతము. తేదీలు ఏటేట కొంచెము మాఱినను క్రమము ఇంచుమించుగ ఇట్లుండును. ఆషాఢ శ్రావణముల నాటికి తరగతులు మొదలై యుండును. వరలక్ష్మీవ్రతము నాడు మనము తోరములు కట్టుకొనుచున్నప్పుడు ఆమె మొదటి చిన్న పరీక్షకు చదువుచుండును. దసరాకు కొలది దినములు సెలవు. కార్తికమాసము దీపములతో పాటు సెమిస్టరు పరీక్షలును వచ్చును. ధనుర్మాసమునాటికి వేసవి పనికి దరఖాస్తులు పంపవలయును. సంక్రాంతికి ఇంటికి వచ్చినను సంచిలో రికార్డు పుస్తకముండును. ఫిబ్రవరిలో గేట్ పరీక్ష, బి.ఎస్సీ. ముగింపుకు వచ్చి, ఐ.ఐ.టి.లు మొదలగు సంస్థలలో ఎమ్.ఎస్సీ. చదువదలచు వారికి జామ్ పరీక్ష. ఆ నెల 28వ తేదీ జాతీయ విజ్ఞాన దినము. 1928లో ఆ దినముననే సర్ సి.వి.రామను గారు తమ పేరిట ప్రసిద్ధమైన కాంతి ఫలితమును కనుగొనిరి. 1987 నుండి ఆ దినమును దేశమంతట జరుపుచున్నారు. ఉగాది పచ్చడి రుచి చూచిన కొలది దినములకే మఱల సెమిస్టరు పరీక్షలు. ఇవి గాక పరిశోధక భృతికొఱకు వ్రాయు నెట్ పరీక్ష సామాన్యముగా ఏటికి రెండుసార్లు, జూనులోను డిసెంబరులోను వచ్చును.

ఈ లెక్క చూచిన యెడల ఒక సంగతి బయటపడును. దసరా, సంక్రాంతి సెలవులు పండుగకు చాలును గాని పరిశోధనకు చాలవు. ఒక పరికరమును ఉపయోగించుట నేర్చుకొనుటకే పది పండ్రెండు దినములు పట్టును. రెండు మాసములు ఏకధాటిగా దొరకునది వేసవి యొక్కటే. ఎమ్.ఎస్సీ. చదువు రెండేండ్లది. రెండేండ్లకు నడుమ వేసవి ఒక్కటే యుండును. మఱుసటి వేసవి వచ్చునప్పటికి చదువు ముగిసి, ఉద్యోగమో పరిశోధనయో పెండ్లియో ఏదో యొక త్రోవ పట్టియే యుండును.

వేసవి పరిశోధన యనగా ఏమి? మన దేశమున మూడు విజ్ఞాన అకాడమీలు కలవు. అలహాబాదులోనిది 1930లోను, రామను గారు బెంగుళూరున నెలకొల్పినది 1934లోను, ఢిల్లీలోని జాతీయ అకాడమీ 1935లోను స్థాపితమైనవి. ఈ మూడును కలిసి ఏటేట విద్యార్థులను ఎంపికచేసి, దేశములోని శాస్త్రజ్ఞుల యొద్దకు రెండు మాసములు పని నేర్చుకొనుటకు పంపుచుండును. పిల్ల తనకేది ఆసక్తియో, ఏమి చేయదలచినదో చిన్న వ్యాసముగా వ్రాసి పంపవలయును. ఆమెను ఎఱిగిన ఉపాధ్యాయుడు సిఫారసు వ్రాయవలయును. ఎంపికయైన వారికి భృతియు, రైలు ఖర్చును ఇత్తురు. పని ముగిసిన పిదప చేసినదంతయు నివేదికగా వ్రాసి ఇయ్యవలయును. బెంగుళూరు జక్కూరులోని జవాహరులాల్ నెహ్రూ కేంద్రము, ముంబయిలోని టాటా పరిశోధన సంస్థ, పూనాలోని ఖగోళశాస్త్ర కేంద్రము ఇట్టి వేసవి విద్యార్థులను తామే వేఱుగా పిలుచుకొనుటయు కలదు. వ్యాసము పంపి, సిఫారసు పొంది, ఇతరులతో పోటీపడి ఆ సోదరి కుమార్తె ఈ స్థలమును సంపాదించుకొన్నది. ఎవరో దయతలచి ఇచ్చినది గాదు.

అక్కడ పని తరగతిలోని ప్రయోగమువంటిది గాదు. తరగతిలో చేయు ప్రయోగమునకు జవాబు ఉపాధ్యాయునకు ముందే తెలియును, పుస్తకములోను ఉండును. పరిశోధనాలయములో ఇచ్చు ప్రశ్నకు జవాబు ఎవరికిని తెలియదు. ఆ పిల్లకు తెలియదు, ఆమెకు పని చెప్పు శాస్త్రజ్ఞునకును తెలియదు. ముప్పది దినములు చేసినపని ముప్పదియొకటవనాడు వ్యర్థమని తేలవచ్చును. అప్పుడు కన్నీళ్లు పెట్టుకొని గదికి పోవునదియు, మఱునాడు తెల్లవాఱి తిరిగి బల్లయొద్దకు వచ్చునదియు ఆ పిల్లయే. తనకు ఈ పనియందు ఓర్పు గలదా, ఇష్టము గలదా యని ఆమె తెలిసికొనుటకు వేఱు మార్గము లేదు. ఒకవేళ తనకిది పడదని తెలిసినను లాభమే. డాక్టరు పట్టమునకు పట్టు ఐదాఱేండ్లలో మూడవయేట ఆ సంగతి తెలియుటకంటె, రెండు మాసములలో తెలియుట మేలు గదా! ఇష్టమని తెలిసినచో, పిదప నెట్ పరీక్షలో భృతికి అర్హత సంపాదించిన విద్యార్థికి 2023 జనవరి మొదలుకొని మొదటి రెండేండ్లు నెలకు 37,000 రూపాయలు ఇచ్చుచున్నారు. పరిశోధన చేయు కుమార్తె తండ్రికి భారముగా నుండవలసిన పనిలేదు.

ఇట్టి త్రోవలో మన ఆడవారు మొదట నడచినప్పుడు త్రోవయే లేదు. కమలా భాగవత్ అను బొంబాయి యువతి 1933లో బెంగుళూరు విజ్ఞాన సంస్థలో చేరబోగా, స్త్రీ యను కారణముచేత రామను గారు మొదట చేర్చుకొననిరి. ఆమె పట్టు విడువలేదు. కడకు షరతులతో చేర్చుకొనిరి. ఒక యేడు ఆమె చేసిన పనిని చూచిన పిదప ఆ తలుపు ఇతర స్త్రీలకును తెఱువబడినది. ఆమెయే తరువాత కమలా సొహోనీగా ప్రసిద్ధురాలైనది. కేంబ్రిడ్జిలో బంగాళాదుంప మొదలగు మొక్కల కణములలోని సైటోక్రోము అను పదార్థమును గుఱించి పరిశోధించి 1939లో డాక్టరు పట్టము పొందినది. 1918లో తిరువాన్కూరు సీమలో జన్మించిన అన్నా మణి, ఎనిమిదవ పుట్టినరోజున ఇంటివారు రవ్వల కమ్మలు ఇయ్యబోగా, అవి వలదు, విజ్ఞానసర్వస్వ గ్రంథములు కావలయునని యడిగినదట. ఆమె 1940లో రామను గారి పరిశోధనాలయమున చేరి, 1948 నుండి వాతావరణశాఖలో పనిచేసి, గాలిని, ఎండను కొలుచు సాధనములను మన దేశముననే తయారు చేయించినది.

మన తెలుగువారి ఆడపడుచు అయ్యలసోమయాజుల లలిత కథ తల్లులు తప్పక తెలిసికొనవలసినది. 1919లో మదరాసున పుట్టినది. పదునైదవయేట పెండ్లి యైనది. 1937లో భర్త పోయెను. అప్పటికి ఒడిలో నాలుగు మాసముల ఆడశిశువు. ఆ కాలమున అట్టి యువతికి ఇంటి మూల తప్ప వేఱు స్థానము లేదు. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగు కళాశాలలో ఆచార్యులు. ఆయన తన కుమార్తెను ఆ కళాశాలలోనే చేర్పించిరి. 1943లో ఆమె విద్యుత్తు ఇంజనీరింగు చదువు ముగించినది. మన దేశపు తొలి మహిళా ఇంజనీర్లలో నొకతెయై, తరువాత కలకత్తాలో ఉద్యోగము చేయుచు కూతును పెంచుకొన్నది. 1964లో న్యూయార్కున జరిగిన స్త్రీ ఇంజనీర్ల, శాస్త్రజ్ఞురాండ్ర తొలి అంతర్జాతీయ సభకు వెళ్లినది. లలితకు బుద్ధి దేవుడిచ్చెను, అండ పుట్టినిల్లిచ్చినది. ఆ రెండవది లేకున్న మొదటిది మూలనే మాసిపోయెడిది.

ఇప్పుడు సోదరి ప్రశ్నకు వత్తుము. వెళ్లకున్న నష్టమున్నదా? ఉన్నది. ఎమ్.ఎస్సీ. పట్టము పోదు, మార్కులు తగ్గవు, ఎవరును నిందింపరు. ఇట్టి నష్టము కంటికి కనబడదు. అందుచేతనే ఇండ్లలో దీనిని సులభముగా ఒప్పుకొందురు. రెండేండ్ల నడుమ ఒక్కటే వేసవి యని పైన చెప్పితిమి. ఆవకాయ మఱుసటి యేడు పెట్టవచ్చును. మేనత్త కూతురి పెండ్లికి ఆమె లేకపోయినను మూడుముళ్లు పడును. ఈ వేసవి మాత్రము మఱల రాదు.

పెండ్లిచూపుల మాట. పెండ్లికిని శాస్త్రమునకును వైరమున్నదని మేమనము. డాక్టరు పట్టమునకు చదువు స్త్రీలకు గడువులో రెండేండ్లు అదనముగా ఇచ్చుటకును, ప్రసవమునకు, శిశుపోషణకు 240 దినముల వఱకు సెలవిచ్చుటకును విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2022 నాటి నియమములలో వీలు కల్పించినది. పరిశోధన చేయుచు తల్లులైన వారు నేడెందఱో కలరు. కావున వరుని తల్లిదండ్రులకు తిన్నగా ఇట్లు వ్రాయవచ్చును: "మా అమ్మాయికి ఈ రెండు మాసములు బెంగుళూరులో పనియున్నది. ఆషాఢము గడచి శ్రావణము రాగానే దయచేయుడు. విశాఖపట్టణమునుండి ఆదివారమునకు పిల్లను పిలిపింతుము." ఈ మాటను వారెట్లు స్వీకరింతురో గమనింపుడు. "మంచిది, పనికానిండు" అనినచో సంబంధము మంచిదగుటకు అదియొక గుర్తు. "ఇప్పుడే పనిమీద పట్టింపు, రేపెట్లు?" అనినచో అదియును ముందే తెలియుట మంచిదే. రెండు మాసములు ఆగలేని వారు, ఆమె చదువును జీవితమంతయు గౌరవింతురని నమ్ముటెట్లు?

దూరదేశమున ఒంటరిపిల్ల యను భయము తల్లికి సహజము. దానిని కొట్టివేయరాదు, విచారించి తీర్చుకొనవలయును. బస ఆ సంస్థ ప్రాంగణములోనా, వెలుపలనా? రాత్రి ప్రొద్దుపోయినచో ప్రయోగశాలనుండి బసకు వచ్చుటకు బండి గలదా? ఆమె పనిచేయు శాస్త్రజ్ఞుని పేరు, కార్యాలయపు ఫోను నంబరు వ్రాసికొనుడు. 2013 నాటి చట్టమునుబట్టి, స్త్రీలకు పనిచోట వేధింపులు కలిగినచో విచారించుటకు ఇట్టి సంస్థలలో ఒక సంఘముండవలయును. అందలి సభ్యుల పేర్లను వెళ్లిన మొదటి వారముననే తెలిసికొనుమని అమ్మాయితో చెప్పుడు. ఇవన్నియు తెలిసిన పిదప మిగులు భయము ప్రేమవలన కలుగునది. అది ఫోనుతో తీఱును.

ఇక మూటాముల్లె. ప్రయోగశాలలో పనిచేయువారికి నూలుబట్టలే శ్రేష్ఠము. కృత్రిమపు నూలుతో నేసినవి నిప్పు తగిలినచో కరగి చర్మమునకు అంటుకొనును. పాదములను పూర్తిగా కప్పు బూట్లు కావలయును, చెప్పులు పనికిరావు. జడను ముడిగా చుట్టి పిన్నులు పెట్టుకొనవలయును. వ్రేలాడు చున్నీలు, గలగలలాడు గాజులు బల్లయొద్ద ప్రమాదము. గాజులు తీసిన అశుభమని పెద్దలు అనినచో, ఆదివారము ఇంటితో వీడియోలో మాటలాడునప్పుడు వేసికొమ్మని చెప్పుడు. తెల్లకోట్లు రెండు కుట్టించి యిండు. వానిని ఇతర బట్టలతో కలిపి ఉతుకరాదు. ఆవకాయ తప్పక పంపుడు. మూతగట్టిగా నున్న చిన్నసీసాలు నాలుగైదైనచో ప్రయాణమున ఒకటి పగిలినను తక్కినవి మిగులును. అది గదిలోనే యుండవలయును. ప్రయోగశాలలోని శీతలపెట్టెలో తినుబండారములు పెట్టుట నిషిద్ధము. వేయించిన పప్పులపొడి, జంతికలు కొంచెము ఎక్కువగా పెట్టుడు. ప్రక్కగదిలో ఏ బెంగాలీపిల్లయో, మలయాళీపిల్లయో తల్లికి దూరమై యుండును. మొదటి మాసపు భృతి చేతికందుటకు ఆలస్యమగుట కలదు. రెండు మూడు వారముల ఖర్చునకు డబ్బు ఆమెయొద్ద నుండునట్లు చూడుడు.

ఈ పత్రిక అమ్మాయిలును చదువుదురు గనుక వారికిని ఒక మాట. మీ నాయనమ్మగారు మీ పనిని కాదనుట తఱచుగా ఆ పనియేమో ఎవరును చెప్పకపోవుటవలననే. "మీకర్థము గాదులే" యను మాట ఎంతటి పెద్దమనసునైనను గాయపఱచును. పసుపులో సున్నము కలిపి పారాణి చేసిన చేతులకు ఆమ్లక్షారములు అర్థము గాకపోవుటేమి? ప్రయాణమునకు ముందు ఒక సాయంకాలము ఆమె ప్రక్కన కూర్చుండి, మీరు చేయబోవు పని యేమో, దానివలన ఎవరికేమి మేలో తెలుగులో చెప్పుడు. ఇంగ్లీషుమాట అడ్డము వచ్చినచోట ఆగి, దానికి ఇంటిమాట వెదకుడు. అట్లు చెప్పలేకపోయిన చోటు మీకే సరిగా తెలియని చోటని గ్రహింపుడు. వారమునకొకసారి ఫోనులో "ఈ వారము ఏమి తేలినది?" అని ఆమె మిమ్ము అడుగునట్లు చేసికొనగలిగినచో, మీ పని సగము గెలిచినట్లే.

సోదరీ! మీ అమ్మాయిని పంపుడు. అత్తగారికి చెప్పుటకు మీకిప్పుడు మాటలు కలవు. ఆమె ఒప్పుకొనుటకు కొన్ని దినములు పట్టినచో నొచ్చుకొనకుడు. మనుమరాలు ఇంటనుండవలయునను కోరికలో తప్పులేదు. ఆవకాయ కలుపునాడు మనుమరాలి సీసాలలో మొదటి ముక్క ఆమె చేతనే వేయింపుడు. జూలైలో మీ అమ్మాయి తిరిగి వచ్చి చేసిన పనిని నాయనమ్మగారికెట్లు చెప్పినదో, ఆమె యేమని అడిగినదో మాకు వ్రాయుడు. ఆ జాబును ఇక్కడ సంతోషముతో ప్రకటింతుము.